ఆదివారం పొద్దున 8కి టెర్రస్ మీద డిష్‌ల చెకింగ్

అందరికీ నమస్తే అండీ, మొన్నటి గాలివానకి మన బ్లాక్‌లో చాలా ఇళ్లల్లో టీవీ పోయింది కదా, అందుకే ఆదివారం టెక్నీషియన్‌ని పిలిచాం, డిష్ ఉన్నవాళ్లు ఇంటికొకరు తప్పకుండా పైకి రండి.

గట్టి వాన పడుతుంటే సిగ్నల్ పోవడం మామూలే, శాటిలైట్ నుంచి డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ (ఒక రకం రేడియో తరంగాలు) సిగ్నల్‌ని వాన నీళ్లు పీల్చేస్తాయి, తగ్గాక అదే వస్తది, అప్పుడు డిష్‌ని కదపొద్దు ప్లీజ్. వాన ఆగినా రాకపోతేనే చూడాలి, నట్లు వదులై డిష్ తిరిగిందా లేక ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే, సిగ్నల్ పట్టే చిన్న పరికరం) కనెక్టర్‌లోకి నీళ్లు పోయాయా అని. కనెక్టర్‌కి వాటర్‌ప్రూఫ్ టేప్ చుట్టించుకోండి, కేబుల్‌ని కొంచెం కిందికి వంపుగా వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

మన డిష్‌లు ఆగ్నేయం వైపు చూస్తాయి, వాటి ముందు బట్టలు ఆరేయొద్దు.

మబ్బు పట్టగానే బాక్స్ ప్లగ్, డిష్ కేబుల్ రెండూ తీసేయండి, ఉరుములప్పుడు ఎవరూ టెర్రస్ ఎక్కొద్దు, పిల్లలకి కూడా చెప్పండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు ఫ్లాట్ నంబర్ ఇక్కడే పెట్టండి 🙏