సముద్రాన్ని ఊడ్చిన చేపల బోట్లు

ఒరేయ్ సూరిబాబూ,

ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేనందుకు తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడంతా కులాసా. ఉద్యోగం నడుస్తోంది, చలి చంపుతోంది, పచ్చిమిర్చి కొనాలంటే ఆస్తులు అమ్మాలి. మిగతాది ఫోన్లో చెబుతా. ఇప్పుడు ఇది విను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడ ఇంగ్లండులో నార్విచ్ నుంచి రైలెక్కి లోస్టాఫ్ట్ అనే సముద్రపు ఊరికి వెళ్లాను. అక్కడ స్పారోస్ నెస్ట్ అని ఒక తోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ నావల్ పెట్రోల్ సర్వీస్‌కి అదే కేంద్రమట. నేవీ అంటే తెల్ల బట్టలు, పెద్ద ఫిరంగులు అనుకుంటాం కదా? వీళ్లలో చాలామంది చేపలు పట్టుకునేవాళ్లురా! మీ నాన్నగారి బాపతు. వాళ్ల చేపల బోట్లు, అంటే వల ఈడ్చే ట్రాలర్లు, వల వేసి నీటివాలుకు పోయే డ్రిఫ్టర్లు సర్కారు తీసేసుకుని, ముందు ఒక తుపాకీ బిగించి, వల బదులు ఉక్కు తీగ ఇచ్చి, పోయి మైన్లు (ఓడల్ని పేల్చడానికి సముద్రంలో పెట్టే బాంబులు) ఏరుకు రమ్మంది. హ్యారీ టేట్ అని అప్పటి హాస్యనటుడి పేరుతో 'హ్యారీ టేట్ నేవీ' అని వెక్కిరించేవారు. (మన గంగరాజు ఇంజన్ చూసుంటే ఏమనేవారో!)

అసలు చేపల బోట్లే ఎందుకో తెలుసా? మైను గాలిపటంలా నీళ్లలో తేలుతుంటుంది, దాని తాడు కిందున్న బరువుకి కట్టి ఉంటుంది. ఆ తాడు తెంపాలంటే నీళ్లలో తీగ లాగాలి. లాగడం, వించ్ (తీగ చుట్టే యంత్రం) తిప్పడం వీళ్లకి పుట్టుకతో వచ్చిన పని. 1907లోనే అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్ గ్రిమ్స్‌బీ ట్రాలర్లను చూసి ఈ మాట అన్నాడట. మొదట్లో రెండు బోట్లు ఒకే తీగను చెరోవైపూ పట్టుకుని లాగేవి. తర్వాత 1919లో ఒరోపేసా అనే ట్రాలర్ మీద కొత్త పద్ధతి చూశారు. వల నోరు తెరిచి ఉంచడానికి బోర్డులు కడతారే, అచ్చం ఆ కిటుకే! తీగ దానంతటదే పక్కకి విచ్చుకుంటుంది, ఒక్క బోటు చాలు. తాడు తెగితే మైను బుడుంగున పైకొస్తుంది, రైఫిల్‌తో కాలుస్తారు. ముందు పోయే బోటుకి మాత్రం ఊడ్చిన దారి ఉండదు. అది తలచుకుంటే... ఉప్పాడలో మన లంగరు సంగతి గుర్తొచ్చి నవ్వకు, ఇది నిజం టెన్షన్.

1939లో జర్మన్లు అయస్కాంతపు మైన్లు పడేశారు. ఇనుప ఓడ పైనుంచి పోతే చాలు, పేలిపోతాయి. నవంబరు 23న షూబరీనెస్ బురదలో జాన్ ఊవ్రీ అనే నేవీ ఆఫీసరు ఒకదాన్ని విప్పి గుట్టు కనిపెట్టాడు. అప్పుడు చెక్క డ్రిఫ్టర్లకి గిరాకీ! కరెంటు కేబుల్ వెనకాల లాక్కుంటూ వెళ్తే మైను దూరంగా పేలేది. అన్నీ దూరంగానే పేలాయా అంటే...

తోటలో స్మారకం మీద దాదాపు 2,400 పేర్లున్నాయి. సమాధి కూడా దొరకనివాళ్లు. కాసేపు నాకేం తోచలేదు.

మీ నాన్నగారిని ఒకటి అడిగి రాయి. తీగ రాయికి తగులుకుందో ఇంకోదానికి తగులుకుందో వించ్ దగ్గర నిలబడితే తెలుస్తుందా? అయ్యో, పోస్టాఫీసు కట్టేస్తున్నారు, ఉంటా.

నీ
చంటి