గూడూరు దగ్గర పుట్టిన మనిషి గురించి మా పిల్లలకి తెలీదు

ఎడిటర్ గారికి నమస్కారం, మాది బరంపురం, ఇక్కడ తెలుగు ఇళ్ళల్లో ఇంకా పొద్దున్నే తెలుగు పేపర్ చూస్తాం. మా అక్క కూతురు హిస్టరీ ఎంఏ చేస్తోంది, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద మిగతా దేశాలు ఎలా పోరాడాయో రీసెర్చ్ చేస్తానంటే వాళ్ళ సారు అదంతా దూరం సబ్జెక్టు, లోకల్ ఏదైనా చూసుకోమన్నారంట. దూరమేంటండీ? 1946లోనే మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసి విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది, అప్పటికి మనకింకా స్వాతంత్ర్యమే రాలేదు. 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌కి వచ్చి కూడా దక్షిణాఫ్రికాతో ఆడం అని కప్పు వదిలేసుకున్నాం (ఈరోజుల్లో ఎవరైనా వదులుకుంటారా చెప్పండి). ఇక ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు గూడూరు దగ్గర పుట్టినాయన, 1963లో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక కమిటీకి కార్యదర్శి అయ్యారు, ఏళ్ళ తరబడి అదే పని చేసి రిటైరయ్యాక కూడా ఆ ఉద్యమం పాత కాగితాలు, గాంధీ గారి దక్షిణాఫ్రికా రోజుల ఉత్తరాలు పోగేసి రాస్తూ కూర్చున్నారు, 2020లో పోయారు. హిస్టరీ పిల్లలకి ఇంతకన్నా లోకల్ ఏం కావాలి? ఆదివారం పేజీలో ఆయన మీద ఒక వ్యాసం వేయండి, కటింగ్ తీసి ఆ సారుకే ఇస్తాను.

- ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా