ఈ ఏడాది పిల్లలకు అప్పగించిన పనులు – ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

మార్కుల వివరాలు తరగతి టీచర్లు మీకు పంపేశారు కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బడిలో కొన్ని పనులు పూర్తిగా అప్పగించాం. అందులో మీ సాయం ఎక్కడ కావాలో, ఎక్కడ వద్దో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఎన్నికల సంగతి. ఇదివరకు స్కూల్ లీడర్‌ను టీచర్లమే ఎంపిక చేసేవాళ్లం. ఈసారి రహస్య ఓటింగ్ పెట్టాం. నామినేషన్లు, గుర్తులు, వేలికి సిరా, ఏజెంట్లు, లెక్కింపు అన్నీ పిల్లలే చూసుకున్నారు. ఒక ఓటు చెల్లుతుందా లేదా అని ఇద్దరు ఏజెంట్లు పట్టుబట్టి వాదించుకున్నారు. ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్న పదో తరగతి అమ్మాయి లేచి, ముందే గోడకు అంటించిన నిబంధన చదివి వినిపించి, ఆ ఓటు కాగితం పక్కన పెట్టేసింది. ఇద్దరూ సరే అన్నారు. మేం కల్పించుకోవాల్సిన అవసరమే రాలేదు. ఇంకో మూడు నుంచి ఐదేళ్లలో వీళ్లంతా నిజం ఓటర్లు. పదిహేడు నిండగానే ఓటరు నమోదుకు ఇచ్చే ఫారం-6తో ముందస్తుగా దరఖాస్తు చేసుకోవచ్చని కూడా వాళ్లకిప్పుడు తెలుసు.

ఒక్క విషయం మాత్రం నాకు కష్టంగా అనిపించింది. 'మనోళ్ల పిల్లోడికే వెయ్యి' అని కొన్ని ఇళ్లల్లో చెప్పి పంపారు. పక్కన కూర్చునే స్నేహితుణ్ణి పదమూడేళ్ల పిల్లవాడు ఆ కళ్లతో చూడటం మొదలుపెడితే, తర్వాత మా సోషల్ టీచర్ ఎన్ని పాఠాలు చెప్పినా అది పోదు. దయచేసి ఆ మాట ఇంట్లో రానివ్వకండి.

ఎన్నికల్లో ఓడిపోయిన తొమ్మిదో తరగతి అమ్మాయి నీళ్ల కమిటీ తీసుకుంది. భోజనాలయ్యాక పిల్లలు చేతులు కడుక్కునే చోట మూడో కుళాయి కట్టేసినా కారుతూనే ఉండేది. ఆ పాప దాని కింద బకెట్ పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత మన ఊరి సచివాలయానికి అర్జీ రాసింది. మొదటి అర్జీలో 'అందరం చాలా ఇబ్బంది పడుతున్నాం' అని మాత్రమే ఉంది. ఏ కుళాయి, ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని నీళ్లు పోతున్నాయి అని టీచర్ అడిగితే మళ్లీ కూర్చుని రాసింది. తనే వెళ్లి ఇచ్చి, రసీదు అడిగి తీసుకుంది. ఈలోగా వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, తెలిసిన ప్లంబర్ ఉన్నాడు, ఐదు నిమిషాల్లో పంపిస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా వద్దని బతిమాలుకున్నాను. రెండోసారి వెళ్లి గుర్తు చేశాక గానీ మనిషి రాలేదు, కానీ వచ్చాడు. ఆఫీసుకు వెళ్లి తన పేరుతో ఒక కాగితం ఇచ్చి జవాబు రాబట్టడం ఆ పాపకు వచ్చేసింది. ఇంటర్‌కు వెళ్లాక, ఉద్యోగంలో చేరాక ఇది ఎంత పనికొస్తుందో మీకే తెలుసు.

మన నెల్లూరు జిల్లా పిల్లలకు పౌరబాధ్యత గురించి చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత కేంద్రాల్లో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు, సారా మీద తిరగబడిన సీతమ్మ అనే ఆమె కథను పాఠంగా చదివారు. ఇది మన ఊరి కథే కదా అనుకుని సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు ఊరూరా పాకింది. జిల్లాలో సారా వేలం పాటలు సాగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. వాళ్లలో చాలామందికి అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి.

ఆ రోజుల గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మని తొమ్మిదో తరగతికి చెప్పాం. వచ్చిన కాగితాలు చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఒక అబ్బాయి వాళ్ల జేజి కూలి డబ్బులు బియ్యం డబ్బాలో అడుగున దాచిన సంగతి రాశాడు. 'దుకాణం మీదికి పోయేటప్పుడు భయం వెయ్యలేదా' అని అడిగాడట. 'ఒక్కదాన్నే అయితే పోయేదాన్ని కాదు, వీధి వీధంతా పోయినాం గదా' అందట. నాయకత్వం గురించి నేను అసెంబ్లీలో ఏం చెప్పినా ఆ పిల్లవాడికి ఇంత బాగా అర్థమై ఉండేది కాదు.

ఇప్పుడు మనం పాటించాల్సినవి. పిల్లలు కొందరు ఇంకా మోటారు సైకిళ్ల మీద వస్తున్నారు. గేటు దాకా రాకుండా మలుపు దగ్గర ఆపి నడిచి వస్తున్నారు. అంటే తప్పని వాళ్లకు తెలుసు. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. జరిమానా కన్నా నాకు ప్రాణభయం ఎక్కువ. హైవే మీద లారీలు ఎలా వెళ్తాయో రోజూ చూస్తున్నాం. తాళం చెవి మీరే ఇస్తూ, రూల్స్ పాటించమని మమ్మల్ని చెప్పమంటే పిల్లలు ఎవరి మాట నమ్మాలి?

అలాగే, కోతలప్పుడో, రొయ్యల చెరువుల దగ్గర కాపలాకో పిల్లల్ని బడి మాన్పించకండి. రాజ్యాంగంలో 51-ఎ అధికరణం కింద ఉన్న పౌర విధుల్లో పదకొండోది, 2002లో చేర్చింది, మనలాంటి పెద్దవాళ్ల కోసమే. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అని అందులో ఉంది. ఆ వయసు దాటిన తొమ్మిది, పది పిల్లల విషయంలోనూ నా మాట అదే.

'పదో తరగతి ఏడాది ఇవన్నీ ఎందుకు మేడం, టెన్షన్ కదా' అని కొందరు అడిగారు. కమిటీ పని వారానికి ఒక్క పీరియడే, జనవరి నుంచి పదో తరగతికి అదీ ఉండదు. అంతకన్నా తగ్గించడం మాత్రం నాకు ఇష్టం లేదు.

నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం రోజున పిల్లలు తమ కమిటీల నోట్‌బుక్‌లు మీ ముందు చదువుతారు. ఖర్చుల లెక్కలు కూడా వాళ్లే చెప్తారు. అనుమానాలుంటే టీచర్లను కాకుండా వాళ్లనే అడగండి, ఎంత గట్టిగా అడిగినా ఫర్వాలేదు. కూలి పనులకు వెళ్లేవాళ్లకు కుదరాలని సాయంత్రం ఐదున్నరకు పెట్టాం. తల్లీ తండ్రీ ఇద్దరూ రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు