క్రాక్ వెర్షన్ గురించి

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కు క్రాక్, అంటే డబ్బు కట్టకుండానే నడిచేలా తాళం విరిచిన కాపీ, దొరికిందనీ, కాపీ చేసుకున్నంత మాత్రాన ఆ కంపెనీకి తరిగిపోయేదేమీ లేదనీ రాశావు. వస్తువును ఎత్తుకుపోతే యజమానికి అది మిగలదు, సాఫ్ట్‌వేర్ విషయంలో అలా జరగదన్న మాట నిజమే. రెండో కాపీకి దాదాపు ఖర్చు ఉండదు, ఎందుకంటే ఖర్చంతా మొదటి కాపీలోనే ఉంది: దాన్ని రాసినవారి ఏళ్ల శ్రమ, పరీక్షించినవారి జీతాలు, లోపం బయటపడినప్పుడల్లా సరిదిద్దే పని. ఆ ఖర్చును కొన్నవారందరూ తలా కొంత మోస్తున్నారు, నీ వంతు కూడా వారి మీదే పడుతోంది. తన కంపెనీ తయారుచేసిన ఆల్టెయిర్ బేసిక్ అనే సాఫ్ట్‌వేర్‌ను డబ్బు చెల్లించకుండా కాపీ చేసుకుంటున్నవారికి 1976లో రాసిన బహిరంగ లేఖలో బిల్ గేట్స్ అడిగింది కూడా, ప్రతిఫలం లేకుండా ఇంత పని ఎవరు చేయగలరనే.

ధర ఎక్కువన్న నీ బాధను నేను కొట్టిపారేయను. ఒకసారి కొంటే చాలాకాలం వాడుకోగలిగిన లైసెన్సుల స్థానంలో చాలా కంపెనీలు నెలనెలా చందా పెట్టాయి, ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2013లో ఆ దారి పట్టింది. విద్యార్థికి అది నిజంగా భారమే. అయితే క్రాక్ ఆ కంపెనీ పట్టును సడలించదు, ఇంకా బిగిస్తుంది. నీ చేయి దానికే అలవాటు పడుతుంది, నీ ఫైళ్లన్నీ దాని ఫార్మాట్‌లోనే ఉండిపోతాయి, రేపు నువ్వు చేరే సంస్థ కూడా దాన్నే కొనవలసి వస్తుంది.

బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ చరిత్ర చదువు. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడినప్పుడు, వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాము అసలు రాతను, అందరికీ విడుదల చేయించారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా దానితోనే తయారైంది. ధర మీద కోపం వచ్చినవారు చేయదగిన పని అది, నాకు అందులో గొప్ప ఆత్మగౌరవం కనిపిస్తుంది. పైగా, యాంటీవైరస్‌ను ఆపితే గాని ఎక్కని క్రాక్ ఫైలును నమ్మడంలోని ప్రమాదం నీకు తెలియనిది కాదు.

ఆ క్రాక్‌ను తీసివేసి, ముందు బ్లెండర్‌తో పని మొదలుపెట్టు. కోర్సుకు ఆ సాఫ్ట్‌వేరే తప్పనిసరి అయితే విద్యార్థి లైసెన్సు ఉందేమో చూడు, చాలా కంపెనీలు ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తాయి. అదీ లేకపోతే అవసరమైన నెలలకు చందా నేను కడతాను, ఎంతో రాయి.

ఇట్లు,
అమ్మ