రీజనరేషన్ మధ్యలో ఇంజన్ ఆపవద్దు
సభ్యులందరికీ నమస్కారం. డీజిల్ బండి పొగలోని మసిని పట్టే ఫిల్టరు డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్). అది పట్టి ఉంచిన మసి, ఎగ్జాస్ట్ వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు కాలిపోతుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఎక్కువసేపు నిలబెట్టి ఇంజన్ నడిపే బండ్లలోనూ, దగ్గరి దూరాలే తిరిగే బండ్లలోనూ అంత వేడి పుట్టదు కాబట్టి మసి త్వరగా పేరుకుంటుంది. రీజనరేషన్ నడుస్తుండగా అత్యవసరమైతే తప్ప ఇంజన్ ఆపవద్దని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే పదే పదే మధ్యలో ఆపితే ఫిల్టరు మూసుకుపోవడమే కాక, ఈ వేడి కోసం సిలిండర్లలోకే అదనపు డీజిల్ చిమ్మే ఇంజన్లలో అది ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. బండిని నిలిపి రీజనరేషన్ చేయవలసి వస్తే ఎండుగడ్డికి దూరంగా, ఆరుబయట నిలపండి. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం ఈ వేడికి కాలదు. ఫిల్టరు విప్పి శుభ్రం చేయించవలసిందే. తయారీదారు సూచించిన, బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయించండి. ఫిల్టరు తరచుగా నిండుతుంటే ముందు ఇంజెక్టర్లను, టర్బోను పరీక్ష చేయించండి.