అన్ని ప్రశ్నలకూ సున్నా

అట్లాంటా
16 నవంబరు 2025, ఆదివారం

అమ్మకు నమస్కారాలు.

పోయిన వారం ఫోనులో నువ్వు అడిగిన మాటకు సరిగ్గా జవాబు చెప్పకుండా విసుక్కుని పెట్టేశాను. ఆ తరువాత నాలుగు రోజులు నా మనసు మనసులో లేదు. "మగదిక్కు లేకుండా అక్కడి నల్లవాళ్ళ ఆడపిల్లలు పిల్లల్ని ఎందుకు కంటారే, కన్నాక ఆ దిగులేమిటే" అని అడిగావు. నువ్వు చెడ్డ మనసుతో అడగలేదని నాకు తెలుసు. నేను పని చేసే పేట గురించి పెదనాన్నగారి అబ్బాయి ఏవేవో చెప్పి నిన్ను భయపెట్టాడనీ తెలుసు. ఫోనులో అయితే తమ్ముడు, మరదలు, పక్కింటి పిన్నిగారు అందరూ వింటూ ఉంటారు కనుక ఉత్తరం రాస్తున్నాను. దీన్ని నువ్వొక్కదానివే చదువుకో.

ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తోంది. బాబు అయిదో తరగతికి వచ్చాడు, అప్పుడే నీ భుజం దాటి ఉంటాడు. నువ్వు పంపిన కందిపొడి ఇంకా సగం సీసా ఉంది. ఇక అడిగినదానికి వస్తాను.

మా క్లినిక్కు పిల్లలది. అయినా బిడ్డకు నెల, రెండు, నాలుగు, ఆరు నెలలు నిండినప్పుడు చూపించడానికి వచ్చిన ప్రతి తల్లి చేతికీ మేము ఒక కాగితం ఇస్తాము. 1987లో స్కాట్లాండులో తయారైన ఆ కాగితాన్ని ఎడిన్‌బరో స్కేలు అంటారు. అందులో పది ప్రశ్నలు ఉంటాయి. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, తప్పు లేకున్నా నిన్ను నువ్వు నిందించుకున్నావా, దిగులుతో నిద్ర పట్టలేదా, ఏడ్చావా అని వరసగా అడుగుతుంది. ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు. ముప్ఫైకి పదో, కొన్నిచోట్ల పదమూడో, ఆ పైనో వస్తే ఆ తల్లిని కూర్చోబెట్టి మాట్లాడాలి. చివరి ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని.

ఈ వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి నాలుగు నెలలు. రాత్రి విమానాశ్రయం దగ్గర గోదాములో సరుకు సర్దే పని, పగలు ఒక ముసలామెకు స్నానం చేయించి అన్నం పెట్టే పని. రెండు మార్టా బస్సులు మారి, ఒకణ్ణి చంకన వేసుకుని ఇద్దరిని చేతులు పట్టుకుని వచ్చింది. కాగితం ఇస్తే నిమిషంలో నింపి ఇచ్చేసింది. అన్నిటికీ బాగున్నాననే గడిలోనే టిక్కు. కూడితే సున్నా. అమ్మా, నాలుగు నెలల బిడ్డతో, రెండు పనులతో ఉన్న మనిషికి వారంలో ఒక్కసారి కూడా ఏడుపు రాలేదంటే నేను నమ్మలేను. మార్కులు ఎక్కువ వచ్చిన తల్లిని చూస్తే నాకు అంత కంగారు ఉండదు, ఆమె నోరు విప్పింది కనుక. అన్నీ సున్నాలైన కాగితం చూస్తేనే నా గుండె జారిపోతుంది.

తలుపు దగ్గరగా వేసి, బిడ్డను నేను ఎత్తుకుని, కాగితం సంగతి ఎత్తకుండా రాత్రి ఎంతసేపు పడుకున్నావని అడిగాను. చాలాసేపటికి ఆమె, "నిజం రాస్తే డీఫ్యాక్స్ వస్తుందా?" అంది. ఈ జార్జియా రాష్ట్రంలో పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖను జనం అలా పిలుస్తారు. ఆ శాఖ వాళ్ళు తలుపు తడితే పిల్లల్ని తీసుకుపోతారని ఇక్కడి తల్లుల భయం. అది ఉత్త భయం కాదు. ఈ దేశంలో కన్నవాళ్ళ దగ్గర నుంచి తీసి వేరే ఇళ్ళలో ఉంచిన పిల్లల్లో నల్లజాతి పిల్లలు తమ జనాభా పాలు కంటే ఎక్కువగా ఉన్నారు. "ఏమీ కాదు" అని నేను ఒట్టు వెయ్యలేకపోయాను. బిడ్డకు ప్రమాదం ఉందని అనుమానం వస్తే చట్టం ప్రకారం చెప్పి తీరవలసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. దిగులు నేరం కాదని, దిగులుగా ఉందని చెప్పినంత మాత్రాన నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యనని, కౌన్సెలర్‌కు ఫోను చేసేటప్పుడు పక్కనే కూర్చుంటానని మాత్రం చెప్పగలిగాను. ఆమె కాగితం వెనక్కి తీసుకుని రెండు టిక్కులు కొట్టేసి పక్క గడుల్లో పెట్టింది. నిద్ర, ఏడుపు. ఆ రోజుకు అంతే. ఆ రెండు టిక్కుల కోసం నాకు నలభై నిమిషాలు పట్టింది, బయట వరస పెరిగి అందరూ విసుక్కున్నారు, అయినా నాకు బాధ లేదు.

ఆమె భయానికి వెనుక చాలా చరిత్ర ఉందమ్మా. మా పక్క రాష్ట్రం అలబామాలో, సెల్మా అనే ఊరున్న డల్లాస్ కౌంటీలో, మిసెస్ సిల్వెస్టర్ స్మిత్ అనే నల్లజాతి ఆవిడ ఉండేది. భర్త పోయాడు, నలుగురు పిల్లలు. తెల్లవారుజామున మూడున్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు హోటల్లో వండి వడ్డిస్తే వారానికి 16 నుంచి 20 డాలర్లు వచ్చేవి. ఒక మగమనిషి వారాంతాల్లో ఇంటికి వస్తున్నాడని చెప్పి 1966 అక్టోబరులో ఆమె పిల్లలకు వచ్చే ప్రభుత్వ సాయం ఆపేశారు. ఇంటికి వచ్చినవాడే పిల్లలకు తండ్రితో సమానమట, వాడే పోషించాలట. ఆమె కోర్టుకు వెళ్ళింది. 1968లో ఇక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఆ కాలంలో చాలా రాష్ట్రాల్లో అధికారులు అర్ధరాత్రి తలుపులు కొట్టి, మంచాల కింద, బీరువాల్లో మగవాడి చెప్పులు ఉన్నాయేమోనని వెతికేవారు. ఆ తల్లుల మనవరాళ్ళే ఇప్పుడు నా ముందు కూర్చుని కాగితాలు నింపుతున్నారు. ఎవరో కాగితం మీద ప్రశ్నలు వేస్తే నిజం చెప్పకూడదని వాళ్ళకు ఇంట్లోనే నేర్పి ఉంటారు.

మూడున్నర అని చదివినప్పుడు నాకు నువ్వు గుర్తుకొచ్చావు. నాన్న పోయాక ఇడ్లీ కొట్టు పెట్టినప్పుడు నువ్వూ మూడున్నరకే లేచేదానివి. పింఛను కాగితాల కోసం తిరిగినప్పుడు ఒక గుమస్తా "ఇంటికి ఎవరెవరు వస్తూ పోతూ ఉంటారు" అని అడిగితే నువ్వు ఇంటికొచ్చి ఆ చీర విడిచి నీళ్ళలో పడేశావు. ఎనిమిదేళ్ళ దాన్ని, నాకు గుర్తుంది.

ఇక మగదిక్కు మాట. ఈ దేశంలో నల్లజాతి పిల్లల్లో సుమారు పదింట ఏడుగురు పెళ్ళి కాని తల్లులకు పుడుతున్నారన్నది నిజమే. పెళ్ళి కాలేదంటే తండ్రి లేడని అర్థం కాదు. 2013లో ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల కేంద్రం తండ్రుల మీద ఒక నివేదిక ఇచ్చింది. పిల్లలకు తినిపించడంలో, స్నానం చేయించడంలో, చదివించడంలో నల్లజాతి తండ్రులు మిగతా వాళ్ళకు ఏమీ తీసిపోరని, కొన్నిటిలో ముందే ఉన్నారని తేలింది. మా క్లినిక్కుకు వారం వారం బిడ్డను తెచ్చే తండ్రులు నాకు తెలుసు. జైళ్ళు మింగేసిన తండ్రులూ ఉన్నారు. అయినా 1965లో మోయ్‌నిహాన్ అనే అధికారి నల్లజాతి కష్టాలకు మూలం ఆడది నడిపే ఇల్లేనన్నట్టు ఒక నివేదిక రాశాడు. అరవై ఏళ్ళయినా ఆ ముద్ర పోలేదు. పెదనాన్నగారి అబ్బాయి నోటి నుంచి నీకు చేరింది కూడా ఆ మాటే.

దిగులు ఎందుకంటావా. ఈ దేశంలో ప్రసవానికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న జాతీయ చట్టం లేదు. పెద్ద సంస్థల్లో ఏడాది పని చేసినవాళ్ళకు పన్నెండు వారాలు జీతం లేని సెలవు ఉంది, జీతం లేకపోతే అద్దె ఎవరు కడతారు? కుట్లు మానకముందే పనికి పోయే వాళ్ళను చూశాను. ఆదాయం లేని తల్లీ ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంటికి జార్జియాలో వచ్చే నగదు సాయం నెలకు 280 డాలర్లు దాటదు, అదీ జన్మ మొత్తంలో నాలుగేళ్ళే. పేద తల్లులకు ప్రభుత్వం ఇచ్చే వైద్యం కార్డు ప్రసవం తరువాత ఇదివరకు రెండు నెలలకే ముగిసిపోయేది. 2022 చివరి నుంచి ఏడాది చేశారు, అది చాలా మేలు చేసింది, దిగులు బయటపడటానికే కొందరికి ఆరు నెలలు పడుతుంది కనుక. ఇవన్నీ అలా ఉంచు. పురుట్లో, ఆ తరువాత చనిపోయే తల్లులు 2023లో ఇక్కడ తెల్లవాళ్ళలో లక్ష ప్రసవాలకు 14.5 మంది అయితే నల్లవాళ్ళలో 50.3 మంది. నొప్పి అని చెప్పినా ఎవరూ నమ్మని చోట దిగులు అని ఏ ధైర్యంతో చెబుతారు?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే సంగతి వేరే ఉంది. "స్ట్రాంగ్" అనే మాట. వాళ్ళ అమ్మమ్మలు, చర్చిలో పెద్దలు, చుట్టుపక్కల వాళ్ళు అందరూ ఆ తల్లిని స్ట్రాంగ్ అని మెచ్చుకుంటారు. 2010లో చెరిల్ వుడ్స్-గిస్కోంబే అనే నర్సింగ్ ఆచార్యురాలు నల్లజాతి స్త్రీలతో మాట్లాడి దీని గురించి రాసింది. గట్టిగా కనిపించి తీరాలి, ఏడుపు మింగాలి, ఎవరి మీదా ఆధారపడకూడదు, చేతిలో ఏమీ లేకున్నా గెలవాలి, ముందు పక్కవాళ్ళను చూడాలి. ఈ అయిదు బరువులనూ ఆమె పేరు పేరునా చెప్పింది. ఆ గట్టితనమే వాళ్ళను నిలబెట్టిందనీ రాసింది, అందుకే నాకు ఆవిడ మీద గౌరవం. మా దగ్గరికి వచ్చే తల్లులు దిగులు అనే మాటే వాడరు. అలసటగా ఉంది అంటారు, తలనొప్పి అంటారు, నరాలు బాగాలేవు అంటారు, పిల్లల మీద ఊరికే కోపం వస్తోంది అంటారు.

నిన్ను మన వీధిలో అందరూ మొండి మనిషి అనేవారు, మగరాయుడిలా నెట్టుకొచ్చిందనేవారు. నువ్వు ఆ మాట విన్న రోజు కొంచెం నిటారుగా నడిచేదానివి. రాత్రి మాత్రం పెరట్లో ఇడ్లీ పాత్రలు తోముతూ, తోమినదే మళ్ళీ తోముతూ, నీళ్ళ చప్పుడు ఆపేదానివి కాదు. లోపలికి వచ్చేసరికి నుదుటి నిండా అమృతాంజనం. "తలనొప్పే" అనేదానివి. నేను నమ్మాను. అమ్మా, వేలమంది పరాయి తల్లులను రాత్రి నిద్ర పట్టిందా అని అడిగాను కాని నిన్ను ఒక్కనాడూ అడగలేదు.

పేట గురించి భయపడకు. అక్కడే నాకు కడుపు నిండా తిండి పెట్టే మనుషులు ఉన్నారు. ఒక చర్చిలో నెలకొక శనివారం తల్లులు గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. అదే జాతికి చెందిన కౌన్సెలర్ ఒకావిడ వస్తుంది. పక్క గదిలో పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్ళు, వేడి భోజనం, ఇంటికి వెళ్ళడానికి కారు. ఆ మూడూ లేకపోతే ఎంత గొప్ప కౌన్సెలర్ వచ్చినా ఎవరూ రారు. ప్రార్థన చాలదా అని మొదట్లో గొణిగిన ఒక ముసలావిడే, తన ముప్ఫై ఏళ్ళ వయసులో ఇలాంటి కుర్చీ ఒకటి ఉంటే బాగుండేదని మొన్న అంది. ఇప్పుడు కుర్చీలు వేసేది ఆవిడే. రాత్రీ పగలూ తల్లుల కోసం పలికే ప్రభుత్వ ఫోను నంబరు ఒకటి 2022 మే నుంచి ఉంది, దాన్ని కాగితాల మీద రాసి నేను పంచుతాను.

ఇంకొక సంగతి రాయాలి, భయపడకుండా చదువు. బాబు తండ్రి సంగతి తేలిపోయాక, అల్లుడు వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడని నువ్వు అందరికీ చెబుతున్నావని మరదలు చెప్పింది. నేను నిన్ను తప్పు పట్టడం లేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా క్లినిక్కులో నాతో పని చేసే ఆవిడ, ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకున్న నల్లజాతి తల్లి, మందుల గదిలోకి నన్ను పిలిచి ఆ పది ప్రశ్నల కాగితమే నా ముందు పెట్టి పెన్ను చేతికిచ్చింది. "నువ్వు ఆరు వారాలుగా బాగానే ఉన్నానంటున్నావు" అంది. నేను కూడా మొదట అన్నీ బాగున్నాయనే గడిలోనే పెట్టబోయాను. ఆవిడ ఏమీ అనకుండా అక్కడే నిలబడింది. చివరికి పద్నాలుగు వచ్చింది. పదో ప్రశ్నకు సున్నానే, అది నిజమైన సున్నా, నీ మీద ఒట్టు. అప్పటి నుంచి ప్రతి గురువారం ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్తున్నాను. ఆ గంటసేపు బాబు నాతో పని చేసే ఆవిడ ఇంట్లోనే ఉంటాడు, వాళ్ళ పిల్లలతో కలిసి లెక్కలు చేసుకుంటాడు. ఇప్పుడు అన్నం సహిస్తోంది, రాత్రి నిద్ర పడుతోంది. పోయిన వారం నీ మాటకు నాకు కోపం వచ్చింది ఆవిడ గుర్తుకొచ్చే.

మోకాలికి ఆ నూనె మానేసి డాక్టరు రాసిన మాత్ర వేసుకో. బీపీ మాత్ర రాత్రి మరిచిపోతున్నావని తమ్ముడు అంటున్నాడు. డబ్బు మొదటి వారంలో వేస్తాను, పెరటి గోడ సంక్రాంతి లోపల కట్టించెయ్యండి.

వచ్చే ఆదివారం మీకు పొద్దున్న ఏడింటికి ఫోను చేస్తాను, అప్పుడు తమ్ముడు వాళ్ళు గుడికి వెళ్తారు కదా. పెరట్లో కూర్చుని మాట్లాడు. నాన్న పోయిన ఏడాది నీకు రాత్రుళ్ళు ఎలా గడిచాయో నాకు చెప్పు. నీకు ఇష్టమైనంతసేపు చెప్పు, నేను మధ్యలో మాట్లాడను.

నీ పెద్దమ్మాయి