జెనెటిక్స్ పుస్తకం కొనబోయే మా అమ్మాయికి

కావలి

అమ్మడూ,

జెనెటిక్స్‌కి ఏ పుస్తకం కొనాలమ్మా అని అడిగావు. ఫోన్లో రెండు పేర్లు చెప్పి ఊరుకునే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. మీ సీనియర్ ఇచ్చిన లిస్టు చూశాను. సగం గైడ్లే ఉన్నాయి. పరీక్షల ముందు వారం రోజులు వాటితో పని పడుతుంది, ఒకటి కొనుక్కో. కానీ ఇంజనీరింగ్ వద్దని, చుట్టాలందరితో మాటలు పడి మరీ ఈ సబ్జెక్టు తీసుకున్నావు. అలాంటి పిల్ల గైడుతో సరిపెట్టుకుంటే నాకు బాధగా ఉంటుంది.

జూనియర్ కాలేజీలో ఇన్నేళ్లు జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఈ సబ్జెక్టులో ప్రాణమంతా లెక్కలో ఉంది. ఎవరు దేన్ని దేనితో సంకరం చేశారు, ఎన్ని పిల్ల మొక్కలు లెక్కపెట్టారు, ఆ అంకెలు చూసి అంత పెద్ద మాట ఎలా అనగలిగారు, ఇవి చెప్పే పుస్తకం కొను. తేలిన సంగతుల్ని పాయింట్లుగా పేర్చి ఇచ్చే పుస్తకం ఎంత లావుగా ఉన్నా, ఎన్ని రంగుల బొమ్మలున్నా వద్దు.

షాపులో నిలబడే ఈ పరీక్ష పెట్టొచ్చు. మెండెల్ అధ్యాయం తియ్యి. 3:1 అని రాసి, గళ్ల పట్టిక ఒకటి గీసి ముగించేశారా, అసలు అంకెలు ఇచ్చారా చూడు. గుండ్రని గింజల బఠాణీల్ని ముడత గింజల వాటితో సంకరం చేస్తే రెండో తరంలో ఆయనకు వచ్చినవి గుండ్రని బఠాణీలు 5,474, ముడతలవి 1,850. భాగిస్తే 2.96 వస్తుంది. సరిగ్గా మూడు రాదు, రావక్కర్లేదు కూడా. అక్కడి నుంచి ఆయన ఏం చేశాడన్నదే అసలు సంగతి, చాలా పుస్తకాలు దాన్ని వదిలేస్తాయి. ఆ గుండ్రని గింజల్నే మళ్లీ నాటాడు. 565 మొక్కలు పెరిగాయి. వాటిలో 193 మొక్కలు గుండ్రని గింజలు మాత్రమే కాశాయి. 372 మొక్కలకి మాత్రం గుండ్రనివీ, ముడతలవీ రెండు రకాలూ వచ్చాయి. అంటే పైకి ఒకేలా నున్నగా కనిపించే ప్రతి మూడింటిలో దాదాపు రెండు ముడత గుణాన్ని లోపల మోస్తున్నాయన్నమాట. 3:1 వెనక 1:2:1 (ఒకటి అచ్చంగా గుండ్రనిది, రెండు ముడతని లోపల మోసేవి, ఒకటి ముడతది) దాగి ఉందని ఆయన ఇలా బయటపెట్టాడు.

ఈ 372, 193 నీకెందుకు ముఖ్యమో చెప్తాను. మన వీధి చివరి ఇంట్లో తలసీమియా బాబు ఉన్నాడు కదా, వాళ్లమ్మ మొన్న మనింటికొచ్చింది. నెల తిరిగేసరికి వాడికి నెల్లూరు తీసుకెళ్లి రక్తం ఎక్కించుకురావాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వాహకులేనని, అంటే పైకి జబ్బు లేకుండా దాని జన్యువుని లోపల మోసేవాళ్లేనని, పుట్టే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం పాతిక శాతమని వాళ్లకి ఎప్పుడో చెప్పారు. దాన్ని వాళ్లెలా అర్థం చేసుకున్నారో తెలుసా? నలుగురిలో ఒకరికి వస్తుందట, ఆ ఒక్కరూ అయిపోయారు కాబట్టి ఇక పుట్టేవాళ్లకి భయం లేదని. మళ్లీ బిడ్డ కోసం చూస్తున్నారు. నాకు గుండె గుభేలుమంది. ప్రతి కాన్పుకీ లెక్క మొదటి నుంచి మొదలవుతుందని, పోయిన కాన్పులో ఏం జరిగిందో ఈ కాన్పుకి తెలియదని కూర్చోబెట్టి చెప్పాను. గర్భం వచ్చిన తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవచ్చని కూడా చెప్పాను.

అప్పుడామె ఇంకో ప్రశ్న అడిగింది. పెద్దపిల్ల ఆరోగ్యంగానే ఉంది, దానికి లోపల ఉందా అక్కా అని. ఆలోచించు. ఆ పిల్లకి జబ్బు లేదని మనకి ముందే తెలుసు. అంటే అమ్మానాన్నల జన్యువులు కలిసే పట్టికలోని నాలుగు గళ్లలో జబ్బు గడి కొట్టేసినట్టే. మిగిలిన మూడింటిలో రెండు వాహక గళ్లు. కాబట్టి మూడింట రెండు వంతులు. మెండెల్ తోటలో 565 మొక్కలు చెప్పిన జవాబే మన వీధిలో ఆ పిల్లకీ వర్తించింది. ఉందో లేదో ఖాయంగా తెలియాలంటే రక్తపరీక్ష ఉంది, పెళ్లీడు వచ్చేలోపు చేయించమన్నాను. ఇప్పుడు చెప్పు, ఆ గుండ్రని గింజల్ని మళ్లీ నాటిన సంగతి లేని పుస్తకం చదివినవాళ్లు ఆమెకి ఏం జవాబు చెప్పగలరు?

అందుకే మెండెల్ రాసిన వ్యాసాన్నే చదవమంటాను. నలభై చిల్లర పేజీలు, అంతే. ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతుంది. 1865లో ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో రెండు సభల్లో చదివాడు, 1866లో అచ్చయింది, 1900 దాకా పట్టించుకున్నవాళ్లు లేరు. పెద్ద మాటలు వాడడు. ఏం చేశాడో, ఎన్ని వచ్చాయో వరసగా చెప్పుకుంటూ పోతాడు. లెక్కలు మధ్యలో కాస్త విసుగు పుట్టిస్తాయి, ఓర్చుకో.

ఇంకో పరీక్ష ఉంది. మంచి పుస్తకం మొదట్లో చెప్పిన ముడత గింజ దగ్గరికి తర్వాత ఎక్కడో మళ్లీ వస్తుంది. గింజ ఎందుకు ముడత పడుతుందో 1990లో తేలింది. పిండిపదార్థపు గొలుసులకి కొమ్మలు వేసే ఎంజైము ఒకటుంది. దాని జన్యువు మధ్యలో వేరే డీఎన్‌ఏ ముక్క వచ్చి చొరబడింది, జన్యువు చెడిపోయింది. పిండి సరిగ్గా తయారు కాక గింజలో చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువైతే నీరు ఎక్కువ పీల్చుకుంటుంది, ఎండేటప్పుడు ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. మెండెల్ కంటితో చూసిందానికీ లోపలి డీఎన్‌ఏకీ ఇలా ముడి వేసి చూపించే పుస్తకం దొరికితే వదలకు. అవి రెండూ వేరే సబ్జెక్టులన్నట్టు పిల్లలు చదువుతున్నారు, పుస్తకాలు అలా ఉండబట్టే.

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు చూస్తానన్నావు. చూడు, కానీ సంవత్సరం చూసి కొను. మనిషికి 48 క్రోమోజోములని మూడు దశాబ్దాలు అందరూ నమ్మారు. 46 అని తేల్చింది 1956లో, చియో, లెవాన్ అనే ఇద్దరు. జన్యువులు లక్ష దాకా ఉంటాయని రాసిందంటే అది మానవ జీనోమ్, అంటే మనిషి మొత్తం డీఎన్‌ఏ లెక్క తేలకముందు పుస్తకం. ప్రోటీన్లు చేసే జన్యువులు ఇప్పుడు ఇరవై వేల దరిదాపుల్లో చెప్తున్నారు. మెండెల్, సహలగ్నత (ఒకే క్రోమోజోము మీది జన్యువులు కలిసి రావడం), జన్యుపటాల (క్రోమోజోము మీద జన్యువుల వరస చూపేవి) వరకు పాత ఎడిషన్‌తో నష్టం లేదు, చవగ్గా వస్తే తీసుకో. డీఎన్‌ఏ తర్వాతి అధ్యాయాలకి మాత్రం కొత్తది కావాల్సిందే. జన్యువుల్ని కత్తిరించే పనిముట్టుగా క్రిస్పర్ 2012 ముందు పుస్తకంలో కనపడదు.

కొత్త పుస్తకమైనా పాత తప్పును మోస్తూ ఉండొచ్చు. నాలుక గొట్టంలా చుట్టగలగడం ఒక్క జన్యువు పని అని రాశారా చూడు. ఆ మాట 1940లో మొదట అన్నది అమెరికా జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంటే. ఒకే పోలిక కవలల్లో ఒకరు చుట్టగలిగి ఇంకొకరు చుట్టలేకపోవడం బయటపడ్డాక తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. అయినా పుస్తకాల్లోంచి పోలేదు. చెవి మీద వెంట్రుకలు మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ వల్ల తండ్రి నుంచి కొడుక్కి వస్తాయన్నది ఇంకోటి. దీంట్లో మనవాళ్ల పాత్ర ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు, మన తెలుగువాడు కృష్ణ ద్రోణంరాజు 1960లో ఈ లక్షణం మీద వంశవృక్షాలు ప్రచురించారు. మంచి పరిశీలన, ఆ రోజుల్లో అంతకంటే చేయడానికి వీల్లేదు కూడా. 2004లో దక్షిణాది మగవాళ్ల వై క్రోమోజోములనే నేరుగా పరీక్షించి చూస్తే ఆ సంబంధం కనిపించలేదు. ఈ రెండిట్నీ ఇంకా ఖాయమైన సంగతుల్లా రాసే పుస్తకం రచయిత కొత్తగా ఏమీ చదవలేదన్నమాట.

ఇక పేర్లు. ముందు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి బయాలజీలో వారసత్వం మీద ఉన్న రెండు అధ్యాయాలు మళ్లీ చదువు. ఇంటర్లో ర్యాంకు టెన్షన్‌లో చదివినది లెక్కలోకి రాదు. తర్వాత అసలు పుస్తకంగా గ్రిఫిత్స్ వాళ్ల 'యాన్ ఇంట్రడక్షన్ టు జెనెటిక్ అనాలిసిస్' తీసుకో. 1976 నుంచి ఎడిషన్ల మీద ఎడిషన్లు వస్తోంది. నేను చెప్పిన గుణం దానికుంది, ప్రయోగం ముందు, సిద్ధాంతం తర్వాత. అధ్యాయం చివర ప్రాబ్లమ్స్ దండిగా ఉంటాయి, కొన్ని బుర్ర తినేస్తాయి. అవి చేయకుండా పక్క అధ్యాయానికి పోవద్దు. చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటేనే అర్థం కాలేదని తెలిసేది. మొదట్లో అవి మరీ గట్టిగా అనిపిస్తే షామ్స్ అవుట్‌లైన్ సిరీస్‌లో వచ్చిన ప్రాబ్లమ్స్ పుస్తకంతో చెయ్యి తిప్పుకో.

రాత్రి పడుకునే ముందు చదువుకోడానికి సిద్ధార్థ ముఖర్జీ 'ది జీన్'. 2016లో వచ్చింది. తన ఇంట్లోనే తరాలుగా వస్తున్న మానసిక జబ్బుతో మొదలుపెడతాడు. తర్వాత ఇదంతా నా కుటుంబానికి ఏం చెప్తోందని అడుగుతూనే ఉంటాడు. పాఠ్యపుస్తకంలో ఆ బాధ దొరకదు. డీఎన్‌ఏ ఆకారాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడైన వాట్సన్ ఆ కథ 1968లో రాసిన 'ది డబుల్ హెలిక్స్' మీ లైబ్రరీలో ఉంటుంది, చదువు, గబగబా సాగిపోతుంది. కానీ అందులో డీఎన్‌ఏ మీదే పని చేసిన శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్‌ని ఎలా రాశాడో చూస్తే నీకు కోపం రావాలి. ఆమె ల్యాబులో తీసిన ఎక్స్‌రే ఫోటోని ఆమెకి తెలియకుండా చూపించడం వాట్సన్‌కి దారి చూపింది. దాన్ని రాస్తూనే ఆమెని చులకన చేశాడు. దాని వెంటనే ఆమె జీవిత చరిత్ర కూడా ఒకటి చదివి ఇద్దరి మాటా విను.

స్టర్టెవాంట్ పేరు పైన ఒకసారి వచ్చింది కదా, ఆయన సంగతి ఏ పుస్తకంలో ఉన్నా రెండుసార్లు చదువు. మోర్గాన్ అనే శాస్త్రవేత్త ల్యాబులో పండ్ల ఈగల మీద పని చేస్తూ ఇంకా డిగ్రీ చదువుతున్న రోజుల్లో, కాలేజీ హోంవర్కు పక్కన పెట్టి, ఒక్క రాత్రి కూర్చుని ప్రపంచంలో తొలి జన్యుపటం గీశాడు. 1913లో అచ్చయింది. గీసినప్పుడు ఆయనదీ దాదాపు నీ వయసే.

మన ఊళ్ల సంగతి కూడా నీ పుస్తకంలో వెతుక్కో. మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో దేశమంతా నిండిపోయాయి. చూడ్డానికి మూపురం, తెల్ల రంగు, గంగడోలు అన్నీ మనవే. కానీ వాటి మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) డీఎన్‌ఏ పరీక్షిస్తే చాలావాటిలో యూరప్ జాతి ఆవులది కనిపించింది. ఎందుకో మైటోకాండ్రియా అధ్యాయం చదివితే నీకే తెలుస్తుంది. అది తల్లి నుంచే వస్తుంది. ఇక్కడి నుంచి వెళ్లిన కొద్దిపాటి పశువుల్లో ఆంబోతుల్ని అక్కడి ఆవులతో తరం తర్వాత తరం కలిపారు. కేంద్రకంలోది దాదాపు అంతా మనదైపోయింది, తల్లుల వరస మాత్రం అక్కడిదే మిగిలింది. ఒంగోలు జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రానికి సెలవుల్లో వెళ్దాం, ఈ అధ్యాయం చదివి వస్తే అక్కడి వాళ్లని అడగాల్సినవి బోలెడు ఉంటాయి.

ఒక్క లోటు మాత్రం ఈ పుస్తకాలన్నిట్లో ఉంది, నువ్వే పూడ్చుకోవాలి. అవి రాసినవాళ్ల ఊళ్లలో మేనరికాలు మన దగ్గరంత మామూలు కాదు. మేనమామకి ఇచ్చే పెళ్లి వంశవృక్షం వాళ్ల ప్రాబ్లమ్స్‌లో దాదాపు కనపడదు. మన చుట్టాల్లో ఎన్నో ఉన్నాయి, మీ అమ్మమ్మదే అలాంటి పెళ్లి. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, వాళ్లకి తెలిసిన ప్రేమ, భద్రత అందులో ఉన్నాయి. కానీ లెక్క తెలిసినవాళ్లు ఇంట్లో ఒకరు ఉండాలి. అందుకే ఈ లెక్క ఇస్తున్నా, పుస్తకం కొన్న రోజే చెయ్యి. ఒక అమ్మమ్మ ఒక అంతర్గత జబ్బుకి (అమ్మానాన్న ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే బయటపడేది) వాహకురాలు, తాతకి ఆ జన్యువు లేదు. బయటి నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లలో కూడా లేదనుకో. ఆమె కొడుకు తన అక్క కూతుర్నే చేసుకుంటే వాళ్ల బిడ్డకి జబ్బు వచ్చే అవకాశమెంత? అదే కొడుకు బిడ్డకీ కూతురు బిడ్డకీ పెళ్లి చేస్తే ఎంత? మొదటిదానికి 1/32, రెండోదానికి 1/64 రావాలి. వంశవృక్షం గీసి, ప్రతి మెట్టు దగ్గర సగం ఎందుకు వేశావో పక్కనే రాయి.

డబ్బులు ఫోన్‌పే చేశాను. గ్రిఫిత్స్ పాతది దొరికితే మిగిలినదాంతో ముఖర్జీ పుస్తకం కొనుక్కో, తిండికి మాత్రం తగ్గించకు. లెక్క చేసిన కాగితం ఫోటో తీసి పంపు. జవాబు రాకపోతే దాచుకోకు, ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి ఎక్కడ తప్పిందో చూద్దాం.

ఉంటాను,
అమ్మ